పడమర: బండ

గాంధీనగరంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడవారన
నా బల్లకి మూడు కాళ్లు, నాలుగోది ఇటుక.
ఇరవై ఆరేళ్లుగా దాని మీదే
ఊళ్లోవాళ్ల ఇళ్లు రాస్తున్నాను.

గట్టు మీది ఇళ్లు లోపల రిజిస్టరు కావు.
పోరంబోకు కదా.
యాభై రూపాయల స్టాంపు కాయితం, ఇద్దరు సాక్షులు,
నోటరీ గారి గుండ్రటి ముద్ర.
అంతే, గది చేతులు మారుతుంది.

గట్టు మీద ధర గజాల్లో ఉండదు, మెట్లలో ఉంటుంది.
కింద రోడ్డు మీది ఆటో హారను వినబడేదాకా ఒక రేటు.
కుళాయి నీళ్లు ఎక్కడం మానేసే తొంభయ్యో మెట్టు దగ్గర
అందులో సగం.
గ్యాస్ కుర్రాడు సిలిండరు దించి
ఇంకో ఇరవై ఇస్తేనే అని మొండికేసే మలుపులో
ఆ సగంలో సగం.
నొప్పులొచ్చిన మనిషిని కుర్చీలో కూచోబెట్టి
నలుగురు మోసుకు దించాల్సిన చోట
అడిగినవాడిదే ధర.

గురువులుది నూట ఎనభై రెండో మెట్టు.
పలాస నుంచి వచ్చి, స్టేషన్లో పార్సిలు మూటలు మోసి
తొమ్మిది వేలకి కొన్నాడు. నేనే రాశాను:
తూర్పు: సువార్తమ్మ గారి గోడ
దక్షిణం: నడక దారి
ఉత్తరం: మస్తాన్‌బీ గారి నీళ్ల డ్రమ్ములు
పడమర: బండ.

ఏ బండ? అన్నాను కలం ఆపి.
ఉన్నదొకటేనండి, అన్నాడు,
దాన్ని ఆనుకునే పడుకుంటాం.

తర్వాత నది అవతలికి రాజధాని వచ్చింది.
వాన తుళ్లూరులో కురిస్తే
మా గట్టు మీద గొడుగులు తెరిచారు.
తొమ్మిది వేల గది నాలుగు లక్షలు పలికింది.
మస్తాన్‌బీ తన డ్రమ్ములున్న చోటుకి
విడిగా కాయితం రాయించుకుంది.

రాజధాని పోయిందన్నారు.
బ్రోకరు రంగనాయకులు ఫోన్లు రెండూ ఆపేసి
కంట్రోల్ రూమ్ దగ్గర ఇడ్లీ బండి పెట్టాడు.
మళ్లీ వచ్చిందన్నారు.
బండి బావమరిదికిచ్చి
ఫోన్లు రెండూ ఛార్జింగు పెట్టాడు.
ఇంత జరిగినా గట్టు
ఉన్నచోటే ఉంది.

చిట్టినగర్ వైపు కొత్త అపార్టుమెంటు లేచింది, పేరు హిల్ వ్యూ.
బాల్కనీ గట్టు వైపుంటే అడుగుకి రెండొందలు అదనం.
దాని బ్రోచరు నా సొరుగులో ఉంది.
అట్ట మీద రాత్రి ఫోటో, కొండ నిండా దీపాలు.
కళ్లద్దాలు తుడుచుకుని
ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ వెళ్తే
గురువులు బల్బు దొరికింది.
ఆ రెండొందల్లో వాడికి ఎంత రావాలో
ఏ కాయితంలోనూ రాయలేదు.

భాద్రపదంలో మూడు రోజులు వాన.
పిల్లల్ని తీసుకుని వాళ్లావిడ కింద బడి వరండాలో ఉంది.
గురువులు స్టేషన్లో ఉన్నాడు.
మూడో తెల్లారగట్ల
పడమటి హద్దు కదిలింది.

ఎవరూ పోలేదు.
రెండు వంటగదులు, ఒక మేక.
దొర్లి దొర్లి తొంభయ్యో మెట్టు పక్కన ఆగింది బండ.
ఇప్పుడు దాని మీద చీరలు ఆరేస్తున్నారు.
గురువులు గదికి మూడు గోడలు మిగిలాయి.
నాలుగో గోడ ఉండాల్సిన చోట
కృష్ణ, బ్యారేజీ లైట్లు, ఒక ఇసుక పడవ.

వారం తిరక్కుండా
రంగనాయకులు ఒకాయన్ని తీసుకొచ్చాడు, నల్ల కళ్లద్దాలు.
గాలి బాగుంది అన్నాడాయన.
పదకొండు లక్షలు అన్నాడు.
కాఫీ హోటలు పెడతాట్ట,
మెట్లెక్కి ఆయాసపడి వచ్చేవాళ్లకి.

ఇవాళ నా బల్ల ముందు ముగ్గురూ నిలబడ్డారు.
మూడు దిక్కులూ రాశాను.
పడమర, రెండు చుక్కలు.
నది అని రాయండి, అన్నాడు కొనేవాడు.
నదికి మధ్యలో సగం ఊరుందండీ అన్నాను.
పర్లేదు, కనబడుతోందిగా.

సంతకం పెట్టాక గురువులుని పక్కకి పిలిచి అడిగాను,
ఇక ఎక్కడికి?

పైకేనండి.
రెండొందల అరవయ్యో మెట్టు దగ్గర ఒకటి చూశాను.
చవకే. మిగతా డబ్బు పిల్ల నర్సింగుకి.

ఆగి, గొంతు తగ్గించాడు:
దానికీ పడమర బండేనండి.